పక్కింటి బూడిద

సుమిత్ర అధీక్షికగా, అంటే వార్డెనుగా, ఉన్న ఆడపిల్లల హాస్టల్లో దయ్యాలకు ప్రవేశం లేదు. గేటు మీద అలా బోర్డేమీ కట్టలేదు గానీ, దయ్యం అన్న మాట ఎవరి నోట వచ్చినా వాళ్ళకి వంటగది వెనక గడ్డి పీకే పని పడేది. హాస్టలు బైలడీలా కొండల కింద, గనుల టౌన్‌షిప్పు కొసన ఉంది. పొద్దు వాలితే చాలు, పొగమంచు కొండ దిగి వచ్చి కిటికీ ఊచల్లోంచి లోపలికి తొంగి చూస్తుంది. పిల్లలు తర్రెం నుంచీ, జగర్గుండా నుంచీ, అడవి లోపలి ఊళ్ళ నుంచీ వచ్చినవాళ్ళు. ఆ మంచులో వాళ్ళకి ఎవరెవరో కనబడడంలో వింతేమీ లేదు. కంటికి కనబడేది మంచు, చెవికి వినబడేది గాలి, మిగిలింది మీ బద్ధకం అని సుమిత్ర తేల్చేసేది. నిజానికి తను వాళ్ళ వయసులో, ఇలాంటి హాస్టల్లోనే, తీగ మీద ఆరేసుకున్న తన లంగానే చూసి జడుసుకుని వెనక్కి నడిచి నీళ్ళతొట్టిలో పడింది. ఆ సంగతి పెళ్ళయి ఇన్నేళ్ళయినా మొగుడికి కూడా చెప్పలేదు.

మొగుడు సునీల్ గనిలో డంపరు నడుపుతాడు. ఇద్దరూ కోంటా వైపు దొర్ల తెగ కుటుంబాల్లో పుట్టినవాళ్ళే. సునీల్ తండ్రి లక్మా మొన్న ఎండాకాలం భేజ్జి ఊళ్ళో పోయాడు. వానలకి ఊళ్ళో ఇంటి కప్పు కూలింది. తల్లి ఇర్మెని సునీల్ తన దగ్గరికి తెచ్చుకున్నాడు. జన్మంతా పొయ్యి పొగలో బతికిన మనిషి. ఛాతీలో ఎప్పుడూ పిల్లికూతలే. ఇక మీదట పొగ దగ్గరికి పోతే మందులు కూడా ఏమీ చేయలేవని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇర్మె వచ్చీ రాగానే ఇల్లంతా కలియదిరిగి అడిగిన మొదటి మాట, నిప్పు ఎక్కడుంది అని. సుమిత్ర గ్యాసు పొయ్యి చూపించింది. అది వంటకి నిప్పు, మనిషికి నిప్పు ఏదీ అంది ముసలమ్మ.

మనిషికి నిప్పు అంటే ఏమిటో సుమిత్రకి తెలియనిది కాదు. వాళ్ళ ఇళ్ళలో మనిషి పోయాక ఊరికే పోడు. అడవి అంచున తిరుగుతుంటాడు. పంట చేతికొచ్చే చలికాలంలో అతన్ని మళ్ళీ ఇంట్లోకి పిలుచుకోవాలి. పిలవడానికి కావలసినవి రెండు. ఇంట్లో ఒక నిప్పు, అతను బతికినన్నాళ్ళూ కాచుకున్న పొయ్యిలోని బూడిద. ఆ బూడిదని నిప్పు ముందు నేల మీద పరిచి, దాని మీద బుట్ట బోర్లించి, అందరూ పక్క గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంటారు. తెల్లారి బుట్ట ఎత్తి చూస్తే బూడిదలో అడుగు పడి ఉండాలి. పడితే మనిషి ఇల్లు చేరినట్టు. పడకపోతే ఇంకా చలిలోనే ఉన్నట్టు.

"మీ మామ చలికి ఆగడు బిడ్డా," అంది ఇర్మె. "బతికున్నప్పుడే ఆగకపాయె. ఇప్పుడు ఒంటి మీద పంచె కూడ లేదు గదా."

సుమిత్ర మొదట ఒక కడ్డీల హీటరు తెచ్చింది. ఇర్మె దాని ముందు కాసేపు కూర్చుని, ఇది నిప్పు కాదు, కోపంతో ఉన్న కన్ను అంది. ఎర్రగా ఉంది గానీ కదలదట. కదలని నిప్పుని చూసి ఏ మనిషి వస్తాడు. అప్పుడు సునీల్ ఫోనులో వెతికి, గోడకు తగిలించే కరెంటు కుంపటి ఒకటి ఉంటుందనీ, అందులో మంట నిజం మంటలాగే ఆడుతుందనీ, పొగ రాదనీ కనిపెట్టాడు. ఫోనులో మంటకి చెయ్యి పెట్టి చూడడం కుదరదు కనక ముగ్గురూ కలిసి జగదల్‌పూర్ బయల్దేరారు.

అక్కడ పెద్ద కరెంటు సామాన్ల దుకాణంలో మూడు రకాలు గోడకి వరసగా వేలాడుతున్నాయి. బస్తర్‌లో ఇవి ఎవరు కొంటారండీ అని సుమిత్ర అడిగితే, రిసార్టుల వాళ్ళు, కొత్త బంగళాల వాళ్ళు అన్నాడు దుకాణదారు హిందీలో, ఈ ముగ్గురిలో ఆ పోలిక ఎవరిదా అని చూస్తూ. మొదటిదానిలో గాజురాళ్ళు పరిచి వాటి మీద ఊదారంగు మంట ఆడుతోంది. మీట నొక్కితే నీలం అవుతుంది, ఆకుపచ్చ అవుతుంది. రెండోది చాలా వెడల్పు, వేడి మాత్రం పైనుంచి కొడుతుంది. మూడోదానిలో మంట మధ్యన కట్టెల్లాంటివి పేర్చి ఉన్నాయి. వేడి గాలి కింది అంచునుంచి ముందుకు వస్తుంది.

ఇర్మె ఎంచుకోవడం మొదలుపెట్టింది. దుకాణంలో నిగనిగలాడే గచ్చు మీద, మొదటిదాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండు అరచేతులూ చాపింది. కళ్ళు మూసుకుంది. జనం పోగయ్యారు. సరిగ్గా అప్పుడే హాస్టళ్ళని చూసే ఆఫీసులో పనిచేసే ఒకావిడ మిక్సీ కొనడానికి లోపలికి వచ్చి, ఏంటి మేడమ్ మీరిక్కడ అంది. సుమిత్ర అత్తగారికి వీపు తిప్పి నిలబడి, ఊరికే, డెకరేషన్ కోసం అని చెప్పింది. వెనకనుంచి ఇర్మె గొంతు దుకాణమంతా మోగింది. రాళ్ళు కాలేది కాట్లోనే, ఇది వద్దు అంటోంది. రెండోదాని వేడి నిలబడ్డవాళ్ళ మొహానికి గానీ కూర్చున్నవాళ్ళ కాళ్ళకి చాలదంది. మూడోదాని ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి దుకాణం గుమ్మం దాకా వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి చూసింది. గడప అవతలనుంచి కూడా మంట కనబడుతోంది. అదీ ఆమెకి కావలసింది.

దుకాణదారు ఉత్సాహంగా చెప్పాడు, దీనికి పొగ లేదు, బూడిద లేదు అని. కోడలు తెలుగులో చెబితే ఇర్మె మొహం ఒక్క క్షణం వాడింది. ఆ తర్వాత, బూడిద మనం తెచ్చుకుందాం లే అంది.

బిగించడానికి వచ్చినవాడు భూషణం. చర్ల వైపు మనిషి, టౌన్‌షిప్పులో సగం ఇళ్ళ వైర్లు తన చేతిమీద నడిచినవే అని చెప్పుకుంటాడు. గోడలన్నీ వేలి కణుపుతో కొట్టి చూశాడు. సునీల్ వాళ్ళది జంట ఇల్లు. పక్కింటి అప్పలకొండమ్మకీ వీళ్ళకీ నడుమ గోడ ఒకటే. మిగతా గోడలు పలచనివి, ఈ బరువుకి మేకులు ఊడొస్తాయి, ఇటుకలతో కట్టిన గట్టి గోడ ఇదొక్కటే అన్నాడు భూషణం. మామూలు ప్లగ్గుకి పెడితే వైరు కాలిపోతుందని మెయిన్ బోర్డునుంచి విడిగా లావు వైరు లాగి, దానికో విడి స్విచ్చి పెట్టాడు. అంతా బాగానే ఉంది. పేచీ ఎత్తు దగ్గర వచ్చింది. అతను కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళ ఎత్తున పెన్సిలుతో గీత గీశాడు. ఇర్మె వచ్చి నేలకి జానెడు పైన బొగ్గుతో ఇంకో గీత గీసింది.

"అవ్వా, గంత కిందికి పెడితే పిల్లి గూడ తన్నిపోతది," అన్నాడు భూషణం. "ఇది గోడకి అందం కోసం."

"నిప్పు మనిషి నెత్తి మీద ఉంటదా? కూసున్నోడి కాళ్ళకి తగలాలె," అంది ఇర్మె. "ఆయన కుర్చీల ఎన్నడన్న కూసున్నడా?"

ఆయనెవరో భూషణానికి తెలియదు. సునీలేమో నిలబడే ఉన్నాడు. భూషణం చుట్టూ ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా బొగ్గు గీత మీదే డ్రిల్లు పెట్టాడు. దయ్యాలంటే తనకి నవ్వని అందరికీ చెబుతాడు గానీ, పొద్దుగూకేలోగా పని ముగించుకుని పోవడం అతని అలవాటు.

ఇక బూడిద. హాస్టలు పిల్లల్లో కొందరిని సెలవుకి ఊళ్ళలో దించి వచ్చేటప్పుడు సుమిత్రే భేజ్జి మీదుగా వచ్చింది. కూలిన ఇంట్లో పొయ్యి వానకి కరిగి మట్టయిపోయింది. పైనుంచి పడ్డ రేకు ఒకటి అడ్డం ఉండబట్టి దాని కింద గుప్పెడు పొడి బూడిద మిగిలింది. దాన్నంతా ఊడ్చి స్టీలు టిఫిన్ డబ్బాలో పోసుకుంది. బస్సు దిగి ఇంటికి కాకుండా తిన్నగా హాస్టలుకి వెళ్ళింది. అక్కడ నీళ్ళ మోటారు చెడిపోయి గోల గోలగా ఉంది. డబ్బా వంటగది గూట్లో పెట్టి ఆ గొడవలో పడింది.

మర్నాడు పొద్దున వంటమనిషి మాసే ఎదురొచ్చి, ఇంత మెత్తటి బూడిద ఎక్కడిది మేడమ్, అన్నం గుండిగ అద్దంలా వచ్చింది చూడండి అంది. సుమిత్ర చూసింది. గుండిగలో తన మొహమే కనబడింది, నోరు తెరుచుకుని.

అత్తగారి దగ్గరికి వెళ్ళి, మామ బూడిదతో గిన్నెలు తోమేశాం అని చెప్పడం ఎలా? చెప్పాలనే అనుకుంది. ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని ఇంటి వెనక్కి వచ్చేటప్పటికి, పక్కింటి పెరట్లో అప్పలకొండమ్మ స్నానాలకి నీళ్ళు కాచే కట్టెల పొయ్యి చల్లారి కనబడింది. నిండా బూడిద. చుట్టూ ఎవరూ లేరు. బూడిద బూడిదే కదా, అడుగు పడితే పిల్లి దాటింది అనుకోవచ్చు, పడకపోతే వచ్చే ఏడు చూద్దాం అనొచ్చు అనుకుంది. పిట్టగోడ మీంచి వంగి డబ్బా నింపుకుంది. ఆ వంగడంలో చీర కుచ్చిళ్ళు ఊడి పక్కింటి తులసికోట మీద పడితే, వాటిని లాక్కోవడానికి పడ్డ అవస్థ ఆమెకి ఆ బూడిదకంటే ఎక్కువ గుర్తు.

ఆ సాయంత్రం ఇర్మె కరెంటు కుంపటి ముందు నేల తుడిచి బూడిద పల్చగా పరిచింది. ఇప్పసారా రెండు చుక్కలు గడప మీద వేసింది. కుంపటి మీద కూడా వేయబోతే సునీల్ చెయ్యి పట్టుకున్నాడు. బుట్ట బోర్లించి, మంట ఆడుతుండగానే అందరూ ముందు గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నారు. ఇర్మె పడుకోలేదు. గోడకి చెవి ఆనించి కూర్చుంది.

తెల్లారి బుట్ట ఎత్తారు. అడుగు ఉంది.

స్పష్టంగా, అచ్చు గుద్దినట్టు, కుంపటి వైపు తిరిగి ఒక్క అడుగు. కానీ అది పాదం కాదు. బూటు. అడుగున గళ్ళు గళ్ళుగా ఉండే గని బూటు. మడమ ఒక పక్కకి అరిగి ఉంది.

లక్మా జన్మలో చెప్పులు కూడా తొడగలేదు.

అందరూ సునీల్ వైపు చూశారు. సునీల్ తన బూట్లు తెచ్చి బూడిద పక్కన పెట్టాడు. అతనివి ఒక వేలెడు పెద్దవి, మడమలు సమంగా ఉన్నాయి. అయినా రాత్రంతా తల్లి పక్కనే పడుకున్నానని అతను ఒట్టు వేశాడు. ఇర్మె బుట్టని జాగ్రత్తగా మళ్ళీ అడుగు మీద బోర్లించి, దీన్ని ఎవరూ తుడవొద్దంది. సుమిత్ర పిల్లి అనుకుందామనుకున్నది కాస్తా బూట్లు వేసుకుని వచ్చింది.

ఆ రోజునుంచీ కుంపటి తనంతట తను వెలగడం మొదలుపెట్టింది. పగలంతా నల్లటి అద్దంలా ఉండేది. సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళ బస్సు కాలనీ మలుపు తిరిగిన చప్పుడు వినబడేది. ఆ వెనకే టక్కుమని ఒక చిన్న శబ్దం, మంట లేచేది. కింది అంచునుంచి వెచ్చటి గాలి వచ్చేది. ఆ గాలిలో గ్రీజు వాసన, ఖైనీ పొగాకు వాసన, తడిసిన తోలు ఆరుతున్న వాసన. భూషణాన్ని పిలిపించారు. పక్కింటి రిమోటు తగులుతోందేమో అన్నాడు. అప్పలకొండమ్మ ఇంట్లో రిమోటుతో పనిచేసే వస్తువే లేదు. వీళ్ళ రిమోటులోంచి సెల్లు తీసేశాడు. బస్సు వచ్చింది. టక్కుమంది. మంట లేచింది. భూషణం వంగి వైర్లు చూస్తున్నవాడల్లా, వెనకనుంచి ఎవరో జరగమన్నట్టు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇచ్చాక, ఎవరికి ఇచ్చానా అని తిరిగి చూసి, పనిముట్లు అక్కడే వదిలేసి, చర్లనుంచి ఫోనొచ్చిందని వెళ్ళిపోయాడు. ఫోను మాత్రం కుంపటి పక్కనే ఉండిపోయింది. మర్నాడు పట్టపగలు వచ్చి పట్టుకెళ్ళాడు.

ఇర్మెకి భయం లేదు. ఆమె బాధ వేరు.

"వచ్చినోడు మనోడు కాదు," అంది. "కూసున్న జాగ ఇడుస్తలేడు. మీ మామ వచ్చి గడప కాడ్నుంచి చూసి, ఎవరో ఉన్నరని మర్లిపోతడు. అడిగి లోపలికొచ్చే మనిషి కాదు ఆయన."

అందుకని ఆమె సాయంత్రం కాగానే వీధి తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మంచు ఆమె మీంచి లోపలికి వచ్చేది. లోపల అంత వెచ్చటి కుంపటి ఎవరికోసమో వెలుగుతుంటే, దాన్ని ఏరి కోరి తెచ్చుకున్న ముసలమ్మ గడప మీద వణుకుతూ దగ్గేది. లేవమంటే, ఆయన నన్ను చూస్తేనన్న ఆగుతడు అనేది. పిల్లికూతలు ఎక్కువయ్యాయి. డాక్టరు పొగ గురించి చెప్పాడు గానీ మంచు గురించి ముందే ఎందుకు చెప్పలేదని సునీల్ ఆయన మీద కోప్పడ్డాడు. తప్పు ఎవరిదో తెలిసిన మనిషి మాత్రం పక్కనే నిలబడి అత్తగారి భుజాల మీద రగ్గు సర్దింది.

హాస్టల్లో ఇంకో తలనొప్పి. మాసే రోజూ ఒకటే ఫిర్యాదు. రాత్రి నీళ్ళు చల్లి ఆర్పిన పెద్ద పొయ్యి పొద్దున వచ్చేసరికి రగులుతూ ఉంటోందట. బయటికి లాగి పెట్టిన కట్టెలు లోపలికి తోసి ఉంటున్నాయట. అన్నం త్వరగా ఉడుకుతోంది గానీ కట్టెలు నిలవడం లేదట. నువ్వే అమ్ముకుంటున్నావేమో అని సుమిత్ర అనేసింది. చాందిని అనే చిన్న పిల్ల మధ్యలో కలగజేసుకుని, కాదు మేడమ్, పొయ్యి దగ్గర తాత ఉంటాడు కదా అంది. సుమిత్ర దానికి గడ్డి పీకే పని వేసింది.

ఇర్మెకి జ్వరం తగిలిన రోజు సుమిత్ర ఇక ఆగలేకపోయింది. అత్తగారికి చెప్పే ధైర్యం లేక ముందు పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. అప్పలకొండమ్మ శ్రీకాకుళం మనిషి. ఇంట్లోనే మిషను కుట్టుకుని బతుకుతుంది. భర్త సత్యమూర్తి గనిలో మెకానిక్కు. కొన్నేళ్ళ కింద ఒక చలికాలం సాయంత్రం, డ్యూటీ దిగి వస్తూ బస్సులోనే కన్ను మూశాడు. బస్సు కాలనీ మలుపు తిరిగాక గానీ ఎవరూ చూడలేదు. ఇల్లు అక్కడికి నాలుగు అంగలు.

సుమిత్ర నీళ్ళు నములుతూ నములుతూ అంతా చెప్పింది. బూడిద సంగతి, బూటు సంగతి, బస్సు సంగతి. అప్పలకొండమ్మ చేతిలో జాకెట్టు గుడ్డ అలాగే ఉండిపోయింది. మడమ ఎటుపక్క అరిగింది అని అడిగింది. బయటి పక్క అంది సుమిత్ర.

"అయితే ఆడే," అంది అప్పలకొండమ్మ. గొంతులో దుఃఖం వస్తుందనుకుంటే కోపం వచ్చింది. "బతికినప్పుడూ ఇదే వరస తల్లీ. డూటీ దిగి తిన్నగా ఇంటికొచ్చిన రోజు నేదు. ఎవులో ఒకల ఇంట్లో కూకోడం, సలి కాగడం, ఊసులాడ్డం. నానిక్కడ బువ్వ సల్లారబెట్టుకుని సూడ్డం. సచ్చినా బుద్ధి మారనేదన్నమాట."

గుడ్డ కింద పెట్టి, జుట్టు సవరించుకుంది. మళ్ళీ ఎందుకో ఆగి, లోపలికి వెళ్ళి వేరే చీర కట్టుకుని వచ్చింది.

వాళ్ళు వచ్చేటప్పటికి పొద్దు వాలుతోంది. ఇర్మె జ్వరంతోనే గడప మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళాలి. దాటడానికి ముందు సుమిత్ర ఆమె పక్కన కూలబడి, అత్తా, నేను తెచ్చింది మామ బూడిద కాదు అంది. మిగిలింది చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇర్మె వింటూ లోపలికే చూసింది. మలుపులో బస్సు చప్పుడైంది. టక్కుమంది.

అప్పలకొండమ్మ మంట ముందు నిలబడింది. బుట్ట ఎత్తి అడుగు చూసింది. ఆ మడమకి టైరు ముక్క తనే కొట్టిందట. ఒక మేకు వంకరగా దిగిందట. బూడిదలో ఆ వంకర మేకు తలకాయ కూడా పడింది. ఆమె నేల మీద చతికిలబడి, మంటకి కాస్త పక్కగా, మనిషి ఉండవలసిన చోటుని చూస్తూ మాట్లాడింది.

"గోడకవతలే ఉన్నాను కదా," అంది. "ఇన్నాళ్ళూ ఇనబడ్నేదా, మిషను సప్పుడు?"

మంట ఒక్కసారి తగ్గింది. వెచ్చటి గాలి ఆగింది. గదిలో ఎవరో కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చున్నట్టు తోలు కిర్రుమంది. సుమిత్ర గుమ్మంలోకి జరిగింది. అప్పలకొండమ్మ మాత్రం బెదరలేదు. చలిలో నిలబెట్టకుండా ఇంట్లో కూర్చోబెట్టుకున్నారు, నీ వాళ్ళు మంచివాళ్ళు అని సుమిత్రతో అంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇర్మె అప్పటికి లేచి నిలబడింది. ఆమె చూపు కోడలి మీద ఉంది. తిడుతుందేమోనని సుమిత్ర ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"ఆయన బూడిదతోని తోమిన నీళ్ళు ఏడ పారబోసిన్రు?" అని అడిగింది ఇర్మె.

వంటగదిలోనే, పెద్ద పొయ్యి పక్కన అంది సుమిత్ర. అంటూ ఉండగానే ఆమెకి మాసే ఫిర్యాదులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి.

రగ్గు కప్పి, మొహానికి తడిగుడ్డ కట్టి ఇర్మెని ఆటోలో హాస్టలుకి తీసుకెళ్ళారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో ఉన్నారు. వంటగదిలో మాసే అటు తిరిగి కూర గరిటెతో కలుపుతోంది. ఇర్మె గుమ్మంలోనే ఆగింది. పెద్ద పొయ్యిలో మంట సన్నగిల్లింది. అప్పుడు, ఎవరూ ముట్టుకోకుండా, ఒక లావు కట్టె బయటి కొస ఒకసారి కదిలి, గరగరమంటూ పొయ్యి లోపలికి జరిగింది. నిప్పురవ్వలు లేచాయి. మంట మళ్ళీ ఎగిసింది. వరసలో పిల్లలు ఒకరైనా అటు చూడలేదు. రోజూ చూసేదే అన్నట్టు పళ్ళాలు ముందుకు జరిపారు.

"కాలితోని నెట్టొద్దని ఎన్నిమార్లు చెప్పిన," అంది ఇర్మె. గొంతు పెద్దది చేయలేదు. ఊళ్ళో రోజూ అనే మాట రోజూలాగే అంది. "నిప్పుని తన్నుతరా ఎవరన్న?"

మాసే చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇర్మె వంగింది. పొయ్యి అంచున రాలిన బూడిదలో పాదం గుర్తు ఉంది. ఉత్త పాదం. బొటనవేలు వంకరగా పక్కకి తిరిగి ఉంది. ఎప్పుడో అలా కట్టెని తన్నబోయి కాల్చుకున్న వేలు. ఇర్మె దాని పక్కన అరచెయ్యి ఆనించింది. వేడిగా ఉందో చల్లగా ఉందో ఆమె చెప్పలేదు. చాందిని పళ్ళెంతో అక్కడికి వచ్చి, తాతకి పొగాకు కావాలంట అవ్వా, మా దగ్గర లేదన్నాను అంది.

సుమిత్ర నోరు తెరిచింది. ఏం శిక్ష వేయాలో తోచక మూసుకుంది.

ఇంటికి పిలుచుకుందాం, ఇక్కడి బూడిద తీసుకుని మళ్ళీ పరుద్దాం అన్నాడు సునీల్ ఆ రాత్రి. ఇర్మె ఒప్పుకోలేదు. అంత పెద్ద మంట, అంతమంది పిల్లలు తింటుంటే చూడడం, అంతకంటే ఏం కావాలి ఆయనకి అంది. చలిలో లేడు. అది తెలిసింది చాలు. ఆ రాత్రే వీధి తలుపు తనే మూసి గొళ్ళెం పెట్టింది. జ్వరం తగ్గాక, రోజూ సాయంత్రం హాస్టలు వంటగది కిటికీ బయట, పొగ రాని వైపు ఒక స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కొంగున కొంచెం పొగాకు ముడేసుకుని వెళ్ళేది. వచ్చేటప్పుడు ముడి ఖాళీగా ఉండేది. మాసే పొగాకు నమలదు.

కరెంటు కుంపటిని ఏం చేయాలన్న ప్రశ్నకి అప్పలకొండమ్మే జవాబు చెప్పింది. గోడ ఒకటే కాబట్టి ఆ బోల్టులు తన వైపుకి బిగిస్తే సరిపోతుందంది. భూషణాన్ని పిలిచారు. పట్టపగలే వచ్చాడు. వైరు పీకి, బోల్టులు విప్పి, కుంపటిని బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, వీధిలోంచి చుట్టూ తిరిగి పక్కింటికి మోసుకెళ్ళాడు. నాలుగు అంగల దూరం. వైరు లేని కుంపటి తన ఛాతీకి వెచ్చగా తగులుతోందన్న సంగతి అతనికి రెండో అంగలో తెలిసింది. వెనక ఒకరు బూట్లతో నడిచి వస్తున్న సంగతి మూడో అంగలో తెలిసింది. నాలుగో అంగ అతను వేసిన తీరు చూసి వీధిలో ఆవు కూడా తప్పుకుంది. అయితే అతని గొప్ప ఏమిటంటే, కుంపటిని కింద పడేయలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అప్పలకొండమ్మ ఎదురొచ్చి, అతన్ని దాటి అతని భుజం మీంచి చూస్తూ, కాళ్ళు తుడుసుకుని రా అంది. భూషణం తనతోనే అనుకుని తుడుచుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు బస్సు మలుపు తిరిగాక గోడ అవతల టక్కుమంటుంది. మిషను చప్పుడు ఆగుతుంది. ఇవతల సుమిత్ర ఇంటి గోడ మీద, జానెడు ఎత్తున, నాలుగు బోల్టు రంధ్రాలూ ఒక బొగ్గు గీతా మిగిలాయి. ఆ చోట గోడకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంటుంది.

హాస్టల్లో దయ్యాలకు ఇప్పటికీ ప్రవేశం లేదు. ఒక ఆదివారం మాత్రం, అధీక్షిక మేడమ్ కొంగు నడుముకి చుట్టుకుని వంటగది వెనక ఒక్కతే గడ్డి పీకుతుండడం పిల్లలు చూశారు. ఎందుకని చాందిని అడిగింది. నేనొక మాట అన్నాను లే అంది సుమిత్ర. కిటికీ కింద స్టూలు మీద ఇర్మె ఎండలో కునుకుతోంది. లోపల పొయ్యిలో కట్టె గరగరమని జరిగింది. సుమిత్ర తలెత్తలేదు.

"మెల్లగా మామా," అంది గడ్డి పీకుతూనే, "అత్త నిద్రపోతోంది."